ఆరోగ్య విషయములు: నల్ల రాచపుండు – పైకంతులకు చికిత్స యేల?



ఈ శీర్షిక క్రింద మేము సాధారణముగా జ్వరములను, పథ్యపానములను, పసిబిడ్డల పోషణమును గూర్చి వ్రాయుచుందుము. ఈ మాసమున నొక కఠినమైన విషయమును చేపట్టితిమి. ఇది యరుదైన వ్యాధిని గూర్చినది. అరుదైనదే యైనను, వచ్చిన యింటిలో దాని భారమంతయు స్త్రీల మీదనే పడును. పుండు కడుగునది ఆమె. గుడ్డలు మార్చునది ఆమె. వైద్యుడు చెప్పినది సగము వినియు, సగము వినకయు వచ్చిన మగవారి మాటలకు అర్థము కూర్చుకొనునదియు ఆమెయే. కావున ఆమెకు తెలియవలసినది తేటగా తెలియుట న్యాయము.

మెలనోమా యనబడు నల్ల రాచపుండు మిక్కిలి ముదిరినప్పుడు, మొదటి మచ్చ యున్న చోటనే గాక, చర్మముపై అచ్చటచ్చట చిన్న చిన్న కంతులు లేచును. అట్టి యిండ్లలో తప్పక పుట్టు ప్రశ్న యొకటి కలదు: "వ్యాధి లోపలంతయు ప్రాకినదని చెప్పుచున్నారే, ఇక పైకంతులకు మందు వేసి, ధనము వ్యయము చేసి, రోగిని బాధించుట యేల?" ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే మా నేటి పని.

ముందుగా వ్యాధి స్వరూపమును తెలిసికొందము. మన చర్మమునకు వన్నె నిచ్చు కణములు కొన్ని కలవు. అవి క్రమము తప్పి, అదుపులేక పెరుగుటయే మెలనోమా. స్టెతస్కోపును కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్కుగారు దీనిని ప్రత్యేక వ్యాధిగా 1804లోనే వర్ణించిరి. తెల్లవారి దేశములలో ఇది ఎండ సోకిన చర్మముపై తఱచుగా పుట్టును. మన దేశములో ఇది స్వల్పము. కాని వచ్చినప్పుడు తఱచుగా అరికాలియందు, అరచేతియందు, గోళ్ళ క్రింద, నోటి లోపలి పొరలయందు వచ్చును. అనగా ఎవరును పరీక్షగా చూడని తావులలో దాగి పెరుగునన్న మాట.

కృష్ణా కాలువల క్రింది పొలములలో నాట్లు వేయు స్త్రీలకును, మా కొండపల్లిలో రోజంతయు నేలపై కూర్చుండి బొమ్మలకు రంగులు వేయు స్త్రీలకును అరికాలిని చూచుకొను తీరిక యెక్కడిది? కాలిపై మచ్చ కనబడినను, ముల్లు గ్రుచ్చుకొన్నదనియో, రాయి తగిలి రక్తము గడ్డకట్టినదనియో తలంతురు. గోరు నల్లబడిన, తలుపు సందున పడినదందురు. గోరింటాకు పెట్టుకొన్న గోరు నెలల తరబడి ఎఱ్ఱగానే యుండును గనుక, దాని క్రింది నల్లచార కంటికి కానరాదు. దెబ్బ వలన నల్లబడిన గోరైనచో, గోరు పెరిగిన కొలది ఆ నలుపు ముందునకు జరిగిపోవును. జరుగక నిలిచి వెడల్పగు చారను, గోటి మొదటి చర్మమునకు ప్రాకు నలుపును, నానాటికి అంచులు వంకరపోవు మచ్చను, ఒకచోట నలుపు, ఒకచోట గోధుమవన్నెగా నుండు మచ్చను, కారణము లేక రక్తము చిమ్ము మచ్చను, మానని పుండును వైద్యునకు చూపి తీరవలయును.

ఈ యజాగ్రత్త పామరులకే పరిమితమని తలంపరాదు. జమైకా దేశపు గాయకుడు బాబ్ మార్లే లోకప్రసిద్ధుడు. 1977లో ఆయన కాలి బొటనవ్రేలి గోటి క్రింద మెలనోమా యున్నట్లు తెలిసినది. బంతియాటలో తగిలిన దెబ్బయని మొదట భావించిరి. వ్రేలు తీసివేయవలెనని వైద్యులు చెప్పగా ఆయన సమ్మతింపక, చిన్న శస్త్రచికిత్సతో సరిపుచ్చుకొనెను. వ్యాధి పిమ్మట లోపలి యవయవములకు ప్రాకి, 1981 మే 11వ తేదీన, 36 ఏండ్ల ప్రాయముననే ఆయన మరణించెను.

ఇక పైకంతుల సంగతి. మొదటి మచ్చనుండి విడివడిన వ్యాధికణములు చర్మము క్రింది రసనాళముల గుండ ప్రయాణము చేయును. కాలిలో బయలుదేరినవి గజ్జలలోని గ్రంథులవైపు పోవుచు, దారిలోనే కొన్ని చోట్ల నిలిచి పెరుగును. అప్పుడు పిక్కపైన, తొడపైన నల్లగానో, నీలముగానో, ఒక్కొక్కప్పుడు చర్మపు వన్నెతోనో పిల్లకంతులు వరుసగా లేచును. రక్తము ద్వారా పోయిన కణములు దూరపు చర్మమునందును, ఊపిరితిత్తులు, కాలేయము, మెదడులందును పాదుకొనవచ్చును. చర్మముపైని కంతులు కొందఱికి రెండు మూడే యుండును. కొందఱికి పదులకొలది లేచును. అవి పగిలి, రసికారి, రక్తము స్రవించి, దుర్గంధము వేయుటయు కలదు.

మా ఊరి బొమ్మలను మీరందఱును సంక్రాంతి కొలువులలో పెట్టుకొనెదరు. తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పొడిని రంపపు పొట్టుతో కలిపిన మక్కుతో అవయవముల నతికించి, పైన రంగులు వేయుదురు. కఱ్ఱలో పురుగు చేరినచో పైన ఎంత మక్కు పూసి రంగు వేసినను పురుగు చావదని ఆ పనివారందఱు నెఱుగుదురు. మన ప్రశ్న వేయువారి వాదమును ఇట్టిదే. ఆ వాదములో సగము సత్యము కలదు: చర్మముపై కంతిని తీసినంత మాత్రమున లోపలి వ్యాధి పోదు. కాని మనుష్యుడు కఱ్ఱబొమ్మ కాడు. ఆతనికి నొప్పి తెలియును, దుర్గంధము తెలియును, నలుగురిలో కూర్చుండలేని సిగ్గు తెలియును. పైకంతి యొక్క బాధను తొలగించుట లోపలి వ్యాధి తొలగకున్నను లాభమే. అంతియే గాక, ఒక్కొక్క పైచికిత్స లోపలి రక్షణశక్తిని సైతము మేల్కొల్పునని ఇప్పటి వైద్యులు కనుగొనిరి.

లోపలి వ్యాధికి శరీరమంతటను వ్యాపించు మందులే ప్రధానము. ఆ దారిని తెఱచినవారిలో మన తెలుగువా రొకరు కలరు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున పనిచేయుచుండగా, వారి బృందము అమినోప్టెరిన్ అను మందును సిద్ధపఱచెను. దానిని బోస్టనులో సిడ్నీ ఫార్బరుగారు రక్తపు కాన్సరు గల బిడ్డల కిచ్చి, వ్యాధి కొంతకాలము వెనుకంజ వేసినదని 1948లో ప్రకటించిరి. సుబ్బారావుగారు ఆ సంవత్సరముననే మరణించిరి. మెలనోమాకు మాత్రము అట్టి మందులు చాలకాలము అంతగా పనిచేయలేదు. 2011 నుండి దేహపు రక్షణశక్తికి పడిన కళ్ళెమును విప్పు మందులు వచ్చిన పిమ్మట పరిస్థితి మాఱినది. ఆ మార్గమును కనిపెట్టిన అమెరికావాసి జేమ్స్ ఆలిసనుగారికిని, జపానువాసి తసుకు హోంజోగారికిని 2018లో నోబెలు బహుమాన మిచ్చిరి. ఇట్టి రెండు మందులను కలిపి యిచ్చిన యొక పెద్ద పరిశీలనలో, ముదిరిన మెలనోమా గల నూర్గురిలో 43 మంది పదియేండ్లకును జీవించి యుండిరని 2024లో ప్రకటింపబడినది. అయితే అరికాళ్ళలోను, గోళ్ళ క్రిందను పుట్టు జాతికి ఈ మందులు అంత చక్కగా పనిచేయవు. వాని వెలయు మిక్కుటము. కావుననే మనవారికి పైచికిత్సల ప్రాముఖ్యము తగ్గలేదు.

ఆ పైచికిత్సలను ఒక్కొక్కటిగా చెప్పుదుము.

మొదటిది శస్త్రచికిత్స. కంతులు ఒకటి రెండై, క్రొత్తవి వెంటవెంటనే లేవకయున్నచో, కోసి తీసి కుట్లు వేయుటయే సులభము. "కత్తి తగిలిన రాచపుండు ప్రాకును" అను మాట మనలో బలముగా నాటుకొన్నది. పరీక్ష కొఱకు చిన్న ముక్క తీయుటవలన ఈ వ్యాధి ప్రాకదు. ఆ భయముచే పరీక్షను మానుకొని జాగుచేయుట వలననే నష్టము కలుగుచున్నది.

రెండవది కిరణచికిత్స. రక్తము కారుచున్న, నొప్పి పుట్టించుచున్న కంతులపై కొన్ని దినములు కిరణములు ప్రసరింపజేయుదురు. కంతి పూర్తిగా పోకున్నను స్రావము నిలుచుట, నొప్పి తగ్గుట కలదు.

మూడవది కాలికో చేతికో మాత్రమే మందును పారించు పద్ధతి. కృష్ణకాలువలకు లాకులు దింపి, ఒక్క పాయకు మాత్రమే నీరు వదలుట మీరు చూచియుందురు. అట్లే వైద్యులు రోగగ్రస్తమైన కాలియొక్క రక్తప్రవాహమును శరీరపు ప్రవాహమునుండి వేఱుచేసి, మెల్ఫలాన్ అను మందును వెచ్చజేసిన రక్తముతో గంటసేపు ఆ కాలిలోనే త్రిప్పి, పిమ్మట కడిగివేసి, ప్రవాహమును మరల కలిపెదరు. శరీరమంతయు భరింపలేని మోతాదును ఒక్క కాలు భరించును. దీనిని అమెరికాలో న్యూ ఆర్లియన్సు నగరపు వైద్యులు 1950ల చివర ప్రారంభించిరి. ఒక కాలిలోనే పదులకొలది కంతులు లేచినప్పుడు, కాలు తీసివేయు నవస్థను తప్పించుటకు ఇది యుపయోగపడినది. ఇది పెద్ద ప్రయత్నము. నేర్పరులును, యంత్రములును గల పెద్ద ఆసుపత్రులలోనే సాధ్యము.

నాలుగవది విద్యుత్తుతో కూడిన మందు. బ్లియోమైసిన్ అను మందు కణముల పొరను దాటి లోనికి సులభముగా పోదు. మందు నిచ్చిన పిమ్మట, కంతిలో సన్నని సూదులు గ్రుచ్చి క్షణకాలపు విద్యుత్ప్రేరణలు కలుగజేసిన, ఆ పొరలో సూక్ష్మరంధ్రము లేర్పడి మందు లోనికి చొచ్చును. రోగికి మత్తు ఇచ్చియే చేయుదురు. కొన్ని వారములలో కంతి యెండి, పక్కుగట్టి రాలిపోవును. ఐరోపాలో 2006లో ప్రకటింపబడిన పరిశీలనలో నూటికి 85 కంతులు చిక్కిపోయినవి. 74 వఱకు పూర్తిగా మాయమైనవి. ఇది కంతుల లెక్కయే గాని మనుష్యుల లెక్క కాదని గుర్తుంచుకొనుడు. ఆ లెక్కలో ఇతర కాన్సరుల కంతులును చేరియున్నవి.

ఐదవది కంతిలోనికే సూదిమందు వేయుట. పసిబిడ్డలకు క్షయ రాకుండ వేయు బి.సి.జి. టీకాను మీరెఱుగుదురు గదా! దానినే 1970 ప్రాంతమున అమెరికాలో మోర్టనుగారు మెలనోమా కంతులలోనికి ఎక్కించిరి. కొన్ని కంతులు కరగినవి. కాని జ్వరము, వాపు మొదలగు బాధలు కూడ కలిగినవి. ఆ యాలోచనయే ఇటీవల మఱియొక రూపము దాల్చినది. జ్వరము వచ్చినప్పుడు పెదవిపై పొక్కులు లేపు సూక్ష్మజీవిని మార్చి, కాన్సరు కణములలో మాత్రమే పెరిగి వానిని పగులగొట్టి, దేహపు రక్షకకణములను అచ్చటికి పిలుచునట్లు చేసిరి. దీనికి టి-వెక్ అని పేరు. 436 మంది రోగులపై చేసిన పరిశీలనలో, కంతులు బాగుగా చిక్కి ఆఱు నెలలైనను అట్లే నిలిచినవారు నూటికి 16 మంది. మఱియొక మందు పుచ్చుకొన్నవారిలో నూటికి ఇద్దఱు మాత్రమే. 2015లో అమెరికా ప్రభుత్వము దీనిని అనుమతించెను. కొందఱిలో సూది పడని కంతులు సైతము చిక్కిపోవుట ఇందలి విశేషము.

ఇవి గాక, మిక్కిలి చిన్నవైన పైపొర కంతులకు పూత మందులు, మంచువలె గడ్డకట్టించి చంపుట మొదలగునవియు కలవు. ఏ కంతికి ఏది తగునో దాని సంఖ్యను, పరిమాణమును, తావును, రోగి బలమును బట్టి వైద్యులే నిర్ణయింపవలయును. ఈ సాధనములన్నియు ప్రతి ఆసుపత్రిలోను ఉండవు.

ఇచ్చట మా సోదరీమణులకు గట్టిగా నొక హెచ్చరిక చేయవలసియున్నది. పైచికిత్స యనగానే, "అట్లయిన మన యింటి చికిత్సయు అదియే గదా" యని తలంతురేమో! పులిపిరులకు వేసినట్లు సున్నమును, సోడాను కలిపి పట్టించుట, జీడిగింజల రసము పూయుట, వాతలు పెట్టుట, దారముతో బిగించి కోయుట – ఇవన్నియు మిగుల ప్రమాదకరములు. పైభాగము కాలిపోయి మానినట్లు కనబడును. క్రింది వేరు పెరుగుచునే యుండును. పరీక్షకు పంపవలసిన భాగమే నశించుటచే వ్యాధి యేదియో తెలియుట కష్టమగును. పసుపు రాసిన మానని నల్లమచ్చను మరల మరల పసుపుతో కప్పుట గూడ కాలమును పోగొట్టుకొనుటయే.

ఇక ఇంటిలో చేయదగిన పరిచర్య. పగిలిన కంతిని, కాచి చల్లార్చిన నీటిలో కొంచెము ఉప్పు కలిపి మృదువుగా కడుగవలయును. అంటుకొన్న కట్టును లాగి తీయరాదు. తడిపి, నానిన పిమ్మట తీయవలయును. అంటుకొనని గుడ్డలు మందుల దుకాణములలో దొరకును. దుర్గంధమునకు మెట్రోనిడజోల్ పూతను వైద్యుడు వ్రాసి యిచ్చును. దాని వలన గొప్ప మేలు కలుగును. అత్తరులు, సాంబ్రాణి ధూపము వాసనను కప్పవచ్చునే గాని పోగొట్టవు. రక్తము కారినచో కంగారు పడక, శుభ్రమైన గుడ్డతో పది పదునైదు నిమిషములు విడువక అదిమి పట్టవలయును. నిలువకున్న వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలయును. కట్టు మార్చుటకు అరగంట ముందు నొప్పిమందు నిచ్చిన రోగికి సుఖముగా నుండును. నొప్పి తీవ్రమైనచో మార్ఫీను నిచ్చుటకు వెఱవనక్కఱలేదు. వైద్యుని యాజ్ఞ ప్రకారము నొప్పికై యిచ్చు మార్ఫీను వ్యసనము కాదు. ఆ మందు రోగులకు సులభముగా అందవలెననియే 2014లో మన దేశపు చట్టమును సవరించిరి.

ఈ వ్యాధి యంటువ్యాధి కాదు. ఆమెకు వేఱు కంచము, వేఱు చాప, వేఱు మూల నియమించుట మహాపాపము. మనుమలను దగ్గఱకు రానీయక పోవుట మందు లేని బాధను కలుగజేయుట. సూక్ష్మజీవులతో చేసిన సూదిమందు వేసినప్పుడు మాత్రము, కట్టును తాకుటయందు వైద్యులు చెప్పిన జాగ్రత్తలను పాటింపవలయును. గర్భిణులు ఆ కట్టును ముట్టరాదు. అంతకు మించి దూరము పాటింప పనిలేదు.

ధనము విషయమును దాచి లాభము లేదు. పుస్తెల తాడు తాకట్టు పెట్టి, అర యెకరము అమ్మి చికిత్స చేయించు కుటుంబములు మన కృష్ణాతీరమున ఎన్ని లేవు! కావున ఏ చికిత్సకైనను ఒప్పుకొనుటకు ముందు వైద్యుని నాలుగు ప్రశ్న లడుగుడు. ఈ చికిత్స వ్యాధిని కుదుర్చుటకా, ఆయువును పెంచుటకా, బాధను తగ్గించుటకా? ఎన్ని పర్యాయములు రావలయును? దీనివలన రోగి ఎన్ని దినములు మంచమున పడియుండును? దీనిని చేయకున్న ఏమగును? ఇట్లడుగుట మర్యాదకు లోపము కాదు. ఇంటి పెద్దవారు అడుగుటకు సంకోచించినచో మీరే అడుగుడు. రోగి తెలివితో నున్నచో ఆమె కోరికను ఆమె నోటనే వినుడు. తన దేహమును గూర్చిన మాట తనకు దాచి, తక్కినవారందఱు గుసగుసలాడుట మన యిండ్లలో పెద్ద లోపము.

ఎక్కడికి పోవలెనని యడుగువారికి: అనుమానపు మచ్చను ముందుగా విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోని చర్మవైద్యులకు చూపవచ్చును. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో సంస్థ సాయముతో నిర్మించిన కాన్సరు విభాగము కలదు. హైదరాబాదులో 1955లో స్థాపింపబడిన ఎం.ఎన్.జె. ఆసుపత్రియు, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రియు ప్రసిద్ధములు. ఎం.ఎన్.జె.లో నొప్పిని, పుండ్ల బాధను తగ్గించు ఉపశమన విభాగము కూడ కలదు. 2007లో ఆరోగ్యశ్రీ పేర ప్రారంభమై, 2024 నుండి ఆంధ్రప్రదేశమున ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర సాగుచున్న పథకము క్రింద కాన్సరు చికిత్సలు పెక్కు ఉచితముగా జరుగును. ఏది చేరునో, ఏది చేరదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, తాకట్టునకు పోవుటకు ముందే తెలిసికొనుడు.

తుదకు మేము చెప్పదలచిన దేమనగా: ముదిరిన వ్యాధిలో పైకంతికి చేయు చికిత్స వ్యర్థము కాదు, అది సర్వరోగహరమును కాదు. దాని ప్రయోజనము నెఱిగి, దానికి తగినంత ధనమును, తగినంత ఆశను మాత్రమే దానిపై నుంచుట వివేకము. అంతకంటె మేలైనది వ్యాధిని అంతవఱకు రానీయకుండుట. శుక్రవారమున కాళ్ళకు పసుపు రాసికొనుటకు ముందు, పండుగకు పారాణి పెట్టుకొనుటకు ముందు, గోరింటాకు రుబ్బుటకు ముందు, ఒక్క నిమిషము వెలుతురున కూర్చుండి మీ అరికాళ్ళను, గోళ్ళను చూచుకొనుడు. వంగలేని అత్తగారి పాదములను కోడలు చూడవలయును. అమ్మ పాదములను కుమార్తె చూడవలయును. దీనికి ధనముతో పనిలేదు, చదువుతో పనిలేదు. క్రొత్తగా పుట్టిన మచ్చ గాని, మాఱిన మచ్చ గాని కనబడినచో, దానిపై ఏమియు పూయక, ఆ వారములోనే వైద్యునకు చూపుడు.